ప్రతిసారీ బల్లి మీదనేనా నేరం?

పోయిన ఎండాకాలం సంగతి. పలమనేరుకు దగ్గర్లోనే ఒక పల్లెలో గృహప్రవేశం. మధ్యాన్నం ఒంటిగంటకు మొదటి బంతి కూర్చుండింది. మూడున్నరకు ఒక పిలగాడు కక్కుకున్నాడు. ఎండలో తిరిగినాడులే అనుకున్నారు. నాలుగున్నరకంతా షామియానా కింద ఇరవై మంది కడుపు పట్టుకోని కూలబడినారు. పొద్దుగూకేటప్పటికి ఆటోలు, ఒక ట్రాక్టరు, రెండు తూర్లు తిరిగిన 108 బండి కలిసి నలభై మందిని ఆసుపత్రికి చేర్చినాయి. పుణ్యానికి ఎవురికీ ప్రాణం మీదికి రాలేదు. తెల్లారేసరికి అందరూ లేచి కూర్చున్నారు.

నాకు కబురు తెలిసి పోయేసరికి విచారణ అయిపోయింది, తీర్పు కూడా అయిపోయింది. "సాంబారులో బల్లి పడిందంట." ఎవురు చూసినారు? ఎవురూ చూళ్లేదు. వాళ్లు చెప్పినారని వీళ్లు, వీళ్లు చెప్పినారని వాళ్లు. గిన్నెలు మాత్రం తళతళా తోమి బోర్లించి పెట్టినారు, మిగిలిన బువ్వ గుంత తీసి పూడ్చేసినారు. సాక్ష్యం మొత్తం మట్టిలో పోయింది. వంట చేసిన అక్కకు రావాల్సిన కూలి రెండు వేలు నిలిపేసినారు. "కండ్లు యాడ పెట్టుకున్యావు, గరిట తిప్పేటప్పుడు?" అని నలుగురిలో అడిగినారంట. ఆమె కొంగు నోట్లో కుక్కుకోని పెరట్లో కూర్చోనుండింది.

నేను డాక్టరును కాను. పదో తరగతి తప్పినోణ్ణి. సంఘం పనుల్లో తిరగతా తిరగతా, ఆసుపత్రుల వరండాల్లో పడిగాపులు కాస్తా, దొరికిన పుస్తకమల్లా చదివి నేర్చుకున్నదే నాకుండే చదువు. దాంతోనే ఈ రాత.

ముందు బల్లి సంగతి తేలుద్దాం. గోడ మీద తిరిగే మన ఇంటి బల్లికి విషం లేదు. దాని కడుపులో, రెట్టలో సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండొచ్చు, అది నిజమే. అది తిండిలో పడితే రోగం రావొచ్చు. కానీ కళపెళా మరిగే సాంబారులో బల్లి పడితే బల్లీ చస్తాది, దాంతోపాటు ఆ సాల్మొనెల్లా కూడా చస్తాది. అసహ్యమే, కాదనను. అట్లా అని మరిగే సాంబారులో ఉడికిన బల్లి నలభై మందిని మూడు గంటల్లో కక్కించలేదు. మరి ప్రతి హాస్టల్లో, ప్రతి పెండ్లిలో బల్లే ఎందుకు పడతా ఉంది? ఎందుకంటే బల్లి నోరు లేనిది. బల్లి అంటే చాలు, అప్పు చేసి పెద్ద విందు పెట్టినాయనకు నింద లేదు, వంట మేస్త్రికి నింద లేదు, నీళ్లు ఇయ్యని పంచాయతీకి నింద లేదు. వంటామె చూసుకోలేదు, అంతే. కత కంచికి పోతాది.

నేను ఆ పొద్దు చేసింది ఒకటే పని. ఆసుపత్రిలో మంచాల మధ్య తిరిగి, ఒక నోటుబుక్కు పెట్టుకోని, ప్రతి ఒక్కరినీ మూడు మాటలు అడిగినా. ఏం తిన్నావు? ఎన్ని గంటలకు తిన్నావు? ఎన్ని గంటలకు పట్టుకుంది? ఒంట్లో బాగుండి ఊర్లోనే ఉండేవాళ్లను కూడా అడిగినా. ఇది చానా మంది మర్చిపోతారు. రోగం వచ్చినోళ్లు ఏం తిన్నారో ఎంత ముఖ్యమో, రానోళ్లు ఏం తినలేదో అంత ముఖ్యం.

తేలింది ఇది. సాంబారు అందరూ పోసుకున్నారు, బాగుండేవాళ్లు కూడా. పండ్లు లేని ముసిలోళ్లు నలుగురైదుగురు సంగటీ పులుసూ తిని లేచినారు, వాళ్లకు ఏమీ కాలేదు. కక్కుకున్నోళ్లందరూ పలావు తిన్నోళ్లే. పలావుకు అన్నం ఎప్పుడు వండినారక్కా అని వంటామెను అడిగినా. "తెల్లారుజామున మూడింటికన్నా. మేస్త్రి వండి పెట్టేయమన్నాడు, పొయ్యి ఖాళీ కావాలని. గంపల్లో పోసి తడి పంచె కప్పినాం. పదింటికి మసాలా కలిపి రవ్వంత వెచ్చ చేసినాం" అనింది. మూడింటికి వండిన అన్నం, మే నెల ఎండలో, గంపలో కుప్పగా, ఒంటిగంట దాకా. పది గంటలు.

ఆ పది గంటల్లో ఏం జరుగుతాదో చెప్తా. బియ్యంలో, మట్టిలో, దుమ్ములో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా ఉంటాది. ఎండకు, కరువుకు తట్టుకునే విత్తనం మాదిరి దానికి ఒక గట్టి పెంకు రూపం ఉంది. స్పోర్ అంటారు. అన్నం ఉడికేటప్పుడు మిగతా క్రిములు చస్తాయి గానీ ఈ స్పోర్లు చావవు. పైగా ఆ వేడే వాటిని నిద్ర లేపుతాది. అన్నం చల్లబడతా గోరువెచ్చన అయ్యేసరికి పెంకు పగిలి మొలకెత్తుతాయి. ఇంగ పోటీ పడేవాళ్లు లేరు, తినేదానికి కుప్పల అన్నం ఉంది. మంచి వెచ్చదనంలో బాక్టీరియా ఒకటి ఇరవై నిమిషాలకు రెండవుతాది. లెక్క కట్టుకోండి, ఒకటి ఏడు గంటల్లో 20 లక్షలు దాటుతాది. మన చక్రవడ్డీ బాకీ కూడా ఇంత తొందరగా పెరగదు.

పెరిగినాక అవి ఒక విషాన్ని వదులుతాయి. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఈ విషం వేడికి లొంగదు. నీళ్లు మరిగేదానికంటే ఎక్కువ వేడి, 121 డిగ్రీలు, గంటన్నర పెట్టినా ఇది చెడదు. పదింటికి మళ్లీ పొయ్యి మీద పెట్టినాం కదా, ఏమవుతాది అని మేస్త్రి వాదన. బాక్టీరియా కొన్ని చచ్చినాయేమో గానీ విషం అట్లనే ఉండిపోయింది. తిన్న ఒక గంట మొదలు ఆరు గంటల్లోపల కక్కులు పట్టుకుంటాయి. మన పల్లెలో జరిగింది సరిగ్గా అదే కాలం.

ఇదే వేగంతో కక్కించేది ఇంకొకటి ఉంది, స్టాఫిలోకాకస్. ఇది మనిషి దగ్గరే ఉంటాది. ముక్కులో, చర్మం మీద, చీము పట్టిన వేలిగాయంలో. వండినాక చేత్తో కలిపే తిండి, చేత్తో చుట్టే లడ్లు, కోవా, పనీరు దీనికి ఇష్టం. దీని విషం కూడా వేడికి పోదు. అందుకే ఆ పలావు అన్నం చేత్తో కలిపినోళ్ల వేళ్లు కూడా చూసినా. గాయాల్లేవు. చెయ్యి కడుక్కునేదానికి సబ్బు మాత్రం ఆ వంటశాల మొత్తంలో ఒక ముక్క కూడా లేదు.

తిన్న వెంటనే కాకుండా ఎనిమిది, పన్నెండు గంటలకు, అంటే రాత్రి తిని తెల్లారి బేదులు పట్టుకుంటే, కక్కులు పెద్దగా లేకుంటే, అనుమానం మాంసం డేగిసా మీదికి పోవాల. క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ దాని పేరు. ఇది గాలి తగలని చోట పెరుగుతాది. పెద్ద డేగిసాలో యాటకూర మిగిలితే మూత పెట్టి అట్లనే వదిలేస్తాం చూడండి, పైన చల్లారినా నడుమ పొద్దున దాకా వెచ్చగానే ఉంటాది. అదే దాని ఇల్లు. జాతర మర్నాడు ఊరు ఊరంతా చెంబులు పట్టుకోని చేన్లకు పరిగెత్తేది గంగమ్మ కోపం కాదు నాయనా, నడుమ చల్లారని కూర.

ఇంకా ఆలస్యంగా, ఒకరోజు రెండ్రోజులకు, జ్వరంతో కలిసి వస్తే సాల్మొనెల్లా మాదిరివి. కోడిమాంసం, కోడిగుడ్డు దీని దారి. 2024 అక్టోబరులో హైదరాబాదు బంజారాహిల్స్ దగ్గర మోమోలు తిని చానా మంది పడిపోయినారు, ఒకామె చనిపోయింది. ఆ నెలాఖరులోనే తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనీజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కూడా అదే పని చేసింది. గుడియాత్తం పోయేదానికి మనకు ఎంత సేపు? అక్కడ ఆపిన మయోనీజ్ డబ్బా ఇక్కడ చికెన్ రోల్ బండి మీద ఎండకు తెరిచి పెట్టుంటే ఎవురడగతా ఉండారు?

కేరళలో 2022 మేలో కాసరగోడు జిల్లా చెరువత్తూరులో షవర్మా తిని పదహారేండ్ల అమ్మాయి చనిపోయింది. అక్కడ దొరికింది షిగెల్లా. దీని దారి వేరే. మలం నుంచి చేతికి, చేతి నుంచి తిండికి. పదో వందో క్రిములు చాలు మనిషిని పడగొట్టేదానికి. అందుకే ఇది తిండితో ఆగదు, ఇంట్లో ఒకరి నుంచి ఇంకొకరికి పాకుతాది. బేదులు పట్టినామె వంట చేయకూడదు, తగ్గినాక కూడా రెండు రోజులు పొయ్యి దగ్గరికి పోకూడదు అని డాక్టర్లు చెప్పేది ఇందుకే. చెప్పేది సులభం. మన ఇండ్లలో ఆడమనిషి పడుకుంటే పొయ్యి ఎవురు ముట్టిస్తారు? మగోళ్లు రెండు రోజులు సంగటి గెలికితే ఏమీ అరిగిపోరు.

ఇక్కడ ఒక పాత కత. అమెరికా న్యూయార్కులో మేరీ మాలన్ అని ఒక వంటామె. ఐర్లండు నుంచి వలస వచ్చిన పేదామె. ఆమె ఒంట్లో టైఫాయిడ్ క్రిములు ఉన్నాయి గానీ ఆమెకు జ్వరం లేదు. వండిన ఇండ్లలో జ్వరాలు వచ్చినాయి. 1907లో కనిపెట్టి ఒక దీవిలో పెట్టినారు. 1910లో వంట పని చేయనని మాట తీసుకోని వదిలినారు. వంట తప్ప కూలి గిట్టే పని ఆమెకు లేదు. పేరు మార్చుకోని మళ్లీ వంటకే పోయింది. 1915లో మళ్లీ పట్టుకోని 1938లో చనిపోయేదాకా అక్కడే ఉంచినారు. రెండు విడతలూ కలిపితే దగ్గర దగ్గర 26 ఏండ్లు. ఆమె తప్పు లేదని నేననడం లేదు. పని మానుకుంటే బువ్వ ఎట్లా అని ఆమె అడిగుంటే ఎవురి దగ్గరా జవాబు లేదు కద, అది చూడండి.

మన బడుల్లో మధ్యాన్న భోజనం వండే అక్కల సంగతి ఇంతకంటే మేలా? నెలకు వెయ్యి ఇస్తా ఉండిన గౌరవ వేతనాన్ని 2019లో 3 వేలు చేసినారు. ఒకరోజు బేదులని మానితే పని పోతాదని భయం. వందమంది పిల్లలకు వండే చోట నీళ్లు బిందెతో మోసుకోవాల. సబ్బు సొంతం. ఎలకలు తిరిగే గదిలోనే బియ్యం మూట. మధ్యాన్న భోజన నియమాల్లో పిల్లలకు పెట్టకముందు ఒక అయ్యవారు రుచి చూడాలని, అప్పుడప్పుడు తిండిని ల్యాబులో పరీక్ష చేయించాలని రాసుంది. రుచి చూసేది చానా చోట్ల రిజిస్టర్లో సంతకం వరకే. అయినా ఒక మాట. బాసిల్లస్ విషానికి రుచి లేదు, వాసన లేదు. చెడిపోయిన తిండి కంపు కొడతాదని మనకు నమ్మకం. కంపు కొట్టించే క్రిములు వేరే, రోగం తెచ్చే క్రిములు వేరే. కమ్మగా ఉండే పలావే ఆ నలభై మందిని పడగొట్టింది.

మన తిరుపతి జిల్లా నాయుడుపేట అంబేద్కర్ గురుకులంలో 2024 జూలైలో వందమందికి పైగా పిల్లలు జబ్బున పడినారు. ఆ మర్నెలే అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో ఒక ప్రైవేటు వసతి గృహంలో తిండి వికటించి మన్యం పిల్లలు చనిపోయినారు. రెండు చోట్లా ఉండేది ఎవురి పిల్లలు? దళితుల పిల్లలు, గిరిజనుల పిల్లలు. ఇంట్లో తినేదానికి లేక హాస్టలుకు పంపిన పిల్లలు. ప్రతిసారీ మంత్రులు పరామర్శిస్తారు, ఒక వార్డెన్ సస్పెండు అవుతాడు, కమిటీ వేస్తారు. నీళ్ల ట్యాంకు మాత్రం ఎప్పుడు కడిగినారో ఎవురికీ తెలీదు.

చట్టం లేదా అంటే ఉంది. 2006 ఆహార భద్రతా ప్రమాణాల చట్టం. దాంట్లో 35వ సెక్షను ప్రకారం, తిండి వికటించిన కేసు చూసిన ప్రతి డాక్టరూ అధికారులకు తెలపాలని ఆదేశించే అధికారం కేంద్ర ఆహార భద్రతా సంస్థకు ఉంది. 40వ సెక్షను కింద కొన్న తిండిని ఫీజు కట్టి పరీక్ష చేయించుకునే హక్కు మనలాంటోళ్లకు కూడా ఉంది. 65వ సెక్షను కింద అమ్మినోడి తిండి వల్ల మనిషి చనిపోతే 5 లక్షలకు తగ్గకుండా, పెద్ద గాయమైతే 3 లక్షల దాకా, మిగతా వాటికి లక్ష దాకా పరిహారం. చనిపోయినోళ్ల ఇంటికి నెల లోపల తాత్కాలిక సాయం కూడా ఇయ్యాలని ఉంది. కానీ ఇవన్నీ కదలాలంటే తిండి నమూనా కావాల. మనం ముందు చేసేదేమో గుంత తీసి పూడ్చడం. కాబట్టి ఎప్పుడన్నా ఇట్లా జరిగితే, మిగిలిన ప్రతి వంటకంలో ఒక గుప్పెడు, శుభ్రమైన మూతడబ్బాలో పెట్టి, టైము రాసి, ఐసు మీదో ఫ్రిజ్‌లోనో పెట్టండి. కక్కు పడినా కొంచెం ఒక డబ్బాలో పట్టి డాక్టరుకియ్యండి. అసహ్యపడొద్దండి. వంటామెను కాపాడేది కూడా ఆ డబ్బానే.

ఇంగ మన పలమనేరుకు సొంతమైన మాట ఒకటి, పాలు. ఇంటికో ఆవు ఉండే సీమ ఇది. సాయంత్రం పిండిన పాలను చల్లబెట్టకుండా పొద్దుటి పాలల్లో కలిపి పోసేవాళ్లు ఉండారు. పొదుగువాపు వచ్చిన ఆవు పాలల్లో ఇంతకు ముందు చెప్పిన స్టాఫిలోకాకస్ ఉంటాది. పిండిన వెంటనే చల్లబెడితే అది పెరగదు. నాలుగైదు గంటలు క్యాన్లో వెచ్చగా ఉంటే పెరిగి విషం వదులుతాది, తర్వాత మీరు మూడు పొంగులు కాంచినా విషం పోదు. కాబట్టి వాచిన చన్ను పాలు కలపొద్దు, డబ్బులు పోయినా పారబోయండి. పచ్చి పాలు బలమని పిల్లలకు తాపే పెద్దోళ్లకు దండం పెట్టి చెప్తా ఉండా, కాంచి తాపండి. క్షయ, మాల్టా జ్వరం కూడా ఆ దారినే వస్తాయి.

సద్దన్నం, అంబలి చెడ్డవా అని కొందరు నన్ను నిలదీసినారు. కాదు. బాగా పులిసిన అంబలిలో పులుపు పుట్టించే మంచి బాక్టీరియా పెరిగి, ఆ పులుపు చెడ్డ వాటిని అణగ్గొడతాది. మజ్జిగ పోసి ఉప్పేసి పులియబెట్టడం మన అవ్వల తెలివి. కానీ ఆ తెలివిలో శుభ్రమైన కుండ, మంచి నీళ్లు, ఎంగిలి చెయ్యి పెట్టకపోవడం కూడా కలిసి ఉండినాయి. మిగిలిన అన్నాన్ని నీళ్లూ మజ్జిగా లేకుండా ప్లాస్టిక్ డబ్బాలో మూత పెట్టి పొయ్యి గట్టు మీద వదిలేసి, పొద్దున తాలింపు పెట్టి చిత్రాన్నం అనేది సద్దన్నం కాదు.

మరి చేయాల్సింది ఏమి? సూత్రం ఒకటే, తిండి అయితే పొగలు కక్కుతా ఉండాల, లేకుంటే చల్లగా ఉండాల. 5 డిగ్రీలకు పైన, 60 డిగ్రీలకు కింద, ఆ నడుమ వెచ్చదనంలో రెండు గంటలకు మించి ఉంచొద్దు. మన ఎండాకాలంలో ఒక గంటే అనుకోండి. ఫ్రిజ్ లేనోళ్లు ఏం చేయాలంటే, తక్కువ వండాల, వండిన వెంటనే తినాల. విందుల్లో అయితే అన్నం బంతికి బంతికి వండాల, పొయ్యి ఇంకొకటి బాడిగకు తెచ్చుకోవాల. దాచాల్సి వస్తే డేగిసాలో వదలకుండా వెడల్పు పళ్లేల్లో మూడు వేళ్ల మందానికి మించకుండా పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాల. పచ్చి కోడిమాంసం కోసిన కత్తితో, పలకతో ఎర్రగడ్డలు, కీరకాయ కోయొద్దు. పచ్చి మాంసం మీద నీళ్లు చిమ్మతా కడిగితే ఆ తుంపరలు పక్క గిన్నెల్లో పడతాయి, చూసుకోండి. దొడ్డికి పోయొచ్చినాక, పిల్లోళ్ల ముడ్డి కడిగినాక, పేడ ఎత్తినాక, సబ్బుతో చేతులు. బూడిద కంటే సబ్బు మేలు.

జబ్బు వచ్చేస్తే మొదటి మందు నీళ్లు. లీటరు కాంచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, గుమ్మడం లేకుండా కొలిచి. ఉప్పు ఎక్కువైతే మోసం. లేదంటే ఓఆర్ఎస్ పొట్లం. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు బోన్‌గావ్ శిబిరంలో కలరాతో రాలిపోతా ఉంటే దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు సెలైన్ అయిపోయి ఈ ఉప్పు చక్కెర నీళ్లనే డ్రమ్ముల్లో కలిపి తాపినాడు. నూటికి ముప్పై దాకా ఉండిన చావులు నాలుగు లోపలికి దిగినాయి. అంత గొప్ప మందు పేరు పెట్టుకోని చక్కెర రసాలు డబ్బాల్లో అమ్మతా ఉంటే, హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏండ్ల తరబడి కొట్లాడింది. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆ రసాల మీద ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశం ఇచ్చింది. అంగట్లో అడిగేటప్పుడు పొట్లం మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసుకోండి.

మందులంగడికి పోయి బేదులు ఆగే మాత్ర, యాంటీబయాటిక్ అని మింగొద్దు, పిల్లలకైతే అసలు వద్దు. చానా వరకు ఒకట్రెండు రోజుల్లో అదే తగ్గుతాది. రక్తం పడినా, ఆరేడు గంటలు ఒంటికి పోకపోయినా, తాగిన నీళ్లు కూడా నిలవకపోయినా, కండ్లు లోపలికి పోయినా, బిడ్డ మత్తుగా పడుకోనుండినా, జ్వరం ఎక్కువున్నా ఆలస్యం చేయొద్దు. గర్భిణులు, ముసిలోళ్లు, పసిబిడ్డలు ఇంకా ముందే పోవాల.

ఆ పల్లెలో పెద్దమనుషుల దగ్గర నోటుబుక్కు తెరిచి లెక్కంతా చెప్పినా. మేస్త్రి ఒప్పుకోలేదు. "అయితే బల్లి ఏమైనట్టు?" అని ఒకాయన అడిగినాడు. బల్లిని మీరే చూపీయండన్నా. చివరికి గృహప్రవేశం చేసినాయన లోపలికి పొయ్యి వెయ్యిన్నర తెచ్చి ఆమెకిచ్చినాడు. ఇంకా ఐదు నూర్లు రావాల. మొన్న శ్రావణంలో ఇంకొక పెండ్లికి ఆమెనే పిలిచినారు. అన్నం రాత్రికే వండేయమంటే ఒప్పుకోలేదంట, ఇంకొక పొయ్యి, ఒక సబ్బు బిళ్ల తెస్తేనే వస్తానని కూర్చుండిందంట. తెచ్చినారు.